ఒంట్లో ఓపిక లేనప్పుడు చేతిలో డబ్బు నిలవాలంటే

మా బీరువా కింది అరలో పదకొండు చీరలు ట్యాగు కూడా తీయకుండా ఉండేవి. అన్నీ నేత చీరలే. మంగళగిరి కాటన్లు నాలుగు, వెంకటగిరివి రెండు. మిగతావి రాత్రిపూట ఫోన్లో చీరలమ్మే లైవ్‌లో చూసి, “సింగిల్ పీస్ అమ్మా, కావాలంటే వెంటనే స్క్రీన్‌షాట్ పెట్టండి” అంటే పెట్టేసినవి. చీర కట్టాలంటే కుచ్చిళ్లు పెట్టాలి, కుచ్చిళ్లు పెట్టాలంటే వేళ్లు వంగాలి. నా వేళ్లు పొద్దున పది దాటితేగానీ వంగవు. జాకెట్ హుక్కులు ఇంకొకరు పెట్టాలి. తొమ్మిదేళ్లుగా నాకు కీళ్లవాతం, రిపోర్టుల భాషలో రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇంట్లో నైటీ, బయటికి వెళ్తే కుర్తీ. మరి ఈ చీరలు ఎవరికోసం కొన్నానో అర్థం కావడానికి ఏడాది పట్టింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో పది కొట్లెక్కి దిగి, బేరమాడి చీర తెచ్చుకున్న ఆ పాత మనిషి కోసం, అంటే జబ్బు రాకముందు నా కోసం కొన్నాను.

నవ్వొచ్చే సంగతేంటంటే, నా పనే లెక్కలు రాయడం. ఇంటి దగ్గర కూర్చుని రెండు చిన్న కంపెనీలకు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేస్తాను. వాళ్ల పుస్తకాల్లో రూపాయి తేడా వస్తే నిద్రపట్టదు. నా పుస్తకం మాత్రం తెరవలేదు, తెరిస్తే ఏం కనపడుతుందో తెలుసు కాబట్టి.

తెలుగులో ఓపిక అన్న మాట రెండు పనులు చేస్తుంది. ఒంట్లో సత్తువనీ ఓపికే అంటాం, మనసులో సహనాన్నీ ఓపికే అంటాం. జబ్బు మనిషికి ఆ రెండూ ఒకే రోజు, ఒకే గంటలో అయిపోతాయి. పొదుపు సలహాలు ఇచ్చేవాళ్లు సహనం గురించే మాట్లాడతారు: కోరికలు తగ్గించుకో, మనసు గట్టి చేసుకో. సత్తువ లేక చేసే ఖర్చునీ, దిగులు తట్టుకోలేక చేసే ఖర్చునీ ఒకే గాటన కట్టేస్తారు. నేనూ మొదట అదే చేశాను. పనిమనిషిని మానిపించాను, కర్రీ పాయింట్ మానేశాను, ఆటోలు మానేసి బస్సెక్కాను. మూడు వారాల్లో మోకాళ్లు వాచి మంచం పట్టాను. ఆ మంచం మీద నుంచే ఇంకో రెండు చీరలు ఆర్డర్ పెట్టాను. ఈ రెండు రకాల ఖర్చునీ విడదీయకుండా ఏ బడ్జెట్టూ మన దగ్గర నిలవదు. కింద రాసినదంతా ఆ విడదీసే పనే.

1. మూడు నెలల స్టేట్‌మెంట్, నాలుగు అక్షరాలు

బ్యాంకు యాప్‌లోంచి గత మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకుని, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. ఫోన్లో చూస్తే కుదరదు. వేలితో పైకి తోసేస్తాం, బాధ కలిగించే గీతలన్నీ జారిపోతాయి. క్రెడిట్ కార్డు ఉంటే దాని బిల్లులు కూడా తీయండి. ఒక్కరోజులో పూర్తి చేయాలని కూర్చోకండి. ఒళ్లు కాస్త తేలిగ్గా ఉండే గంట ఏదో మీకు తెలుసు. రోజుకు ఇరవై నిమిషాలు, వారం రోజులు చాలు.

అద్దె, బియ్యం, ఫీజులు, కరెంటు లాంటి మామూలు ఇంటి ఖర్చులను వదిలేయండి. మిగిలిన ప్రతి గీత పక్కన పెన్నుతో ఒక అక్షరం రాయండి.

‘మ’ అంటే మందు. మాత్రలు, రక్త పరీక్షలు, డాక్టరు ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం.

‘ఓ’ అంటే ఓపిక. మీ ఒంట్లో లేని సత్తువను డబ్బిచ్చి కొనుక్కోవడం. అంట్లు తోమే మనిషి, ఆటో, తరిగిన కూరగాయలు, కర్రీ పాయింట్ పప్పు, సాంబారు.

‘ఊ’ అంటే ఊరట. దిగులు, విసుగు, ఒంటరితనం, తప్పు చేశానన్న భావన తగ్గడానికి కొన్నవి. నా చీరలు. పిల్లాడి స్కూల్ ఫంక్షన్‌కి వెళ్లలేకపోయిన రోజు కొనిచ్చిన రిమోట్ కారు. ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశానికి పని చేయలేను కదా అని స్తోమతకి మించి పెట్టిన బట్టలు.

‘ఆ’ అంటే ఆశ. ఈ ఖర్చు జబ్బు మనిషి ఇంట్లోనే ఉంటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. అయస్కాంతపు బెల్టు, నూనె, కషాయం, ఏదో ఊళ్లో గురువారం మాత్రమే ఇచ్చే పసరు. ఫోన్ ప్రకటన చూసి నేను 6,800 రూపాయలకు ఒక కిట్ తెప్పించాను, జబ్బు వేళ్లతో సహా పోతుందన్నాడు. డబ్బా అడుగున చూస్తే తయారీ చిరునామా కూడా సరిగ్గా లేదు. మధుమేహం, క్యాన్సర్, వాతం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే నేరమని 1954 నుంచి మన దేశంలో చట్టం ఉంది. అది చదివిన తర్వాత నాకు ఒక సులువు దొరికింది: ఎంత గట్టిగా “పూర్తిగా పోతుంది” అంటే అంత త్వరగా ఫోన్ పక్కన పెట్టడం.

ఒకే వస్తువు రెండు అక్షరాల్లోకి రావొచ్చు. వేళ్లు వాచి కత్తిపీట ముందు కూర్చోలేని మధ్యాహ్నం కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన వంకాయ కూర ‘ఓ’. అన్నం తిన్నాక, రాత్రి పదిన్నరకి, అందరూ పడుకున్నాక తెప్పించుకున్న బిర్యానీ ‘ఊ’. తేడా తెలుసుకోవడానికి నేను అడుక్కునే ప్రశ్న ఒకటే: ఇది లేకపోతే ఆ రోజు ఏదైనా పని ఆగేదా? ఆగేదంటే ‘ఓ’ రాయండి, అక్కడ మొహమాటం వద్దు. ముఖ్యంగా ఆడవాళ్లు ఇక్కడ తమ మీద తాము కేసు పెట్టుకుంటారు.

నా మూడు నెలల్లో ‘ఊ’, ‘ఆ’ కలిపి 26,440 రూపాయలు తేలింది. కిట్ తీసేసినా 19,640. ‘ఓ’ మాత్రం నేను భయపడినంత లేదు.

2. ప్రతి ‘ఊ’ పక్కన టైము రాయండి

యూపీఐ యాప్‌లో ప్రతి చెల్లింపుకీ టైము ఉంటుంది. ‘ఊ’, ‘ఆ’ గీతల పక్కన ఆ టైము వేయండి. గుర్తుంటే, దానికి ముందు రెండు మూడు గంటల్లో ఏం జరిగిందో రెండు మాటల్లో రాయండి. గుర్తులేకపోతే వదిలేసి, ఇవాళ్టి నుంచి రాయడం మొదలెట్టండి. నొప్పి పదిలో ఎంతో ఒక అంకె చాలు.

నా కాగితంలో మూడు గుంపులు కనపడ్డాయి. ఒకటి, రక్త పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే అంకె) పెరిగితే దిగులుతో కొన్నాను, తగ్గితే సంబరంతో కొన్నాను. రెండు, “ఇంకా తగ్గలేదా? మా పక్కింటావిడకి ఏదో నూనెతో తగ్గిపోయిందట” అనే ఫోన్ వచ్చిన సాయంత్రం. ఆ ఫోన్ పెట్టేసిన గంటలోపు ‘ఆ’ పడింది, మూడుసార్లు.

మూడోది నన్ను కుర్చీలోంచి లేపింది. జబ్బు తిరగబెట్టినప్పుడు డాక్టర్ గారు కొన్ని వారాలు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. ఆ వారాల్లో రాత్రి ఒంటిగంట, రెండు గంటల మధ్య చెల్లింపులు వరసగా ఉన్నాయి. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, కొందరికి మనసును అనవసరంగా హుషారు చేస్తుంది. నాకు ఆ రాత్రుళ్లు ప్రపంచాన్ని జయించినట్టుండేది, చేతిలో ఫోన్ ఉండేది. డాక్టర్ గారికి చెబితే నవ్వలేదు. మాత్ర పొద్దున టిఫిన్ తర్వాతే వేసుకోమన్నారు, మధ్యలో సొంతంగా ఆపొద్దని రెండుసార్లు చెప్పారు. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

ఇంకో రకం మందు గురించి కూడా తెలుసుకోండి. పార్కిన్సన్స్‌కీ, రాత్రుళ్లు కాళ్లు నిలవనివ్వని జబ్బుకీ ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరిలో ఆపుకోలేని కొనుగోళ్లకీ, జూదానికీ దారితీస్తాయి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి విపరీతంగా ఖర్చు పెడుతుంటే “వయసు మీద పడి మతి పోయింది” అనేసే ముందు మాత్రల చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట రాక, మాట వేగం పెరిగి, అప్పులు చేసి మరీ కొంటుంటే అది మానసిక వైద్యులు చూడాల్సిన సంగతి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. దిగులు ఎక్కువై బతుకు మీద విరక్తి వచ్చినా ఆ నంబరే.

3. చెడ్డ నెలను బట్టి బడ్జెట్ వేయండి

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఒళ్లు బాగున్న నెలలో కూర్చుని, అలాంటి నెలలే పన్నెండు ఉంటాయన్నట్టు లెక్క వేస్తాం.

నాకు జీతం లేదు, చేసిన పనికి లెక్క. మంచి నెలలో 22,000 వస్తాయి. తిరగబెట్టిన నెలలో 12,000 దాటవు. మా వారి జీతం చేతికి 38,000. అంటే మా ఇంటి బడ్జెట్ 60,000 మీద వేయకూడదు, 50,000 మీద వేయాలి. మంచి నెలలో ఎక్కువ వచ్చే పదివేలు మా ఖర్చు డబ్బు కానే కాదు. అది తిరగబెట్టే నెల తాలూకు డబ్బు, ముందుగా వచ్చింది, అంతే.

తర్వాత జబ్బు ఖర్చును ఏడాదికి లెక్కకట్టి పన్నెండుతో భాగించాలి. నాది ఇలా వచ్చింది. మాత్రలు నెలకు 1,450 చొప్పున 17,400. మూడు నెలలకోసారి రక్త పరీక్షలు 1,200 చొప్పున 4,800. డాక్టరు ఫీజు నాలుగుసార్లకు 2,400, ఆటోలు 800. కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడేవాళ్లు కళ్లు చూపించుకుంటూ ఉండాలి, దానికి 1,000. పోయినేడు రెండుసార్లు తిరగబెట్టింది, ఒక్కోసారికి పది ఫిజియోథెరపీ సిట్టింగులు, 400 చొప్పున మొత్తం 8,000. ఇవి 34,400. ఇంటిల్లిపాది ఇన్సూరెన్స్ ప్రీమియం 24,000 కలిపితే 58,400. నెలకు సుమారు 4,900. ప్రతి నెలా ఒకటో తారీఖున ఈ 4,900 వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి, ఆ నెల డాక్టరు దగ్గరికి వెళ్లేది ఉన్నా లేకపోయినా. ఇలా చేయని రోజుల్లో ప్రీమియం కట్టే నెల మాకు పిడుగు పడ్డట్టుండేది. పిడుగు ఏటా అదే తారీఖున పడుతుందని తెలిసి కూడా.

‘ఓ’కి కూడా నెలకు నాలుగు వేలు రాశాం: పనిమనిషికి అదనంగా 2,000, కర్రీ పాయింట్‌కి 1,200, ఆటోలకి 800. ఇది బడ్జెట్‌లో పేరుతో సహా రాసి ఉండటం వల్ల జరిగిందేంటంటే, పప్పు ప్యాకెట్ తెచ్చుకున్న రోజు తప్పు చేసినట్టు అనిపించడం మానేసింది. అలా అనిపించినప్పుడే కదా, “ఎలాగూ పాడైంది, ఇంకో వెయ్యి పెడితే ఏం” అని చీర లైవ్ తెరిచేది.

అద్దె 13,000, ఫీజులు 6,000, సరుకులూ పాలూ గ్యాసూ 14,000, కరెంటూ ఫోన్లూ 3,000, పెట్రోలు 3,000, జబ్బు 4,900, ఓపిక 4,000, ఊరట 1,000. మొత్తం 48,900. చెడ్డ నెలలో కూడా 1,100 మిగులుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి. ఇమడకపోతే ముందు ‘ఆ’ని సున్నా చేయండి, తర్వాత ‘ఊ’ని తగ్గించండి, ‘ఓ’ జోలికి చివరికి రండి.

తిరగబెట్టే నెల డబ్బును చిట్టీలో పెట్టొద్దు. చిట్టీ మంచిదే, నాకూ ఇష్టమే. కానీ మోకాలు వాచిన మంగళవారం నాడు చిట్టీ పాట ఉండదు. ఉన్నా, అవసరంలో పాడుకుంటే తగ్గింపు ఎక్కువ పోతుంది. మామూలు సేవింగ్స్ ఖాతా చాలు.

4. మందు ఖర్చు తగ్గించండి, మందు తగ్గించకండి

డబ్బు తక్కువైన నెలలో మాత్ర రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. కీళ్లవాతంలో ఒకసారి అరిగి వంకర పోయిన కీలు మళ్లీ పాతలా కాదు. షుగరు, బీపీ, థైరాయిడ్, ఫిట్స్ మందులదీ ఇదే వరస. ఆ పొదుపు ఆసుపత్రి బిల్లుగా తిరిగొస్తుంది.

ధర తగ్గించుకునే దారులు వేరే ఉన్నాయి. మాత్రల అట్ట వెనకాల బ్రాండ్ పేరు పెద్దగా, దాని కింద మందు అసలు పేరు చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు ఒక కాగితం మీద రాసుకోండి, ఎన్ని మిల్లీగ్రాములో కూడా. జనౌషధి సుగమ్ అనే యాప్‌లో ఆ పేరు కొడితే, ప్రభుత్వ పథకం కింద తక్కువ ధరకు మందులమ్మే జనౌషధి కేంద్రంలో దాని ధరా, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో కనిపిస్తాయి. అక్కడ చాలా మందులు బ్రాండ్ ధరలో సగానికీ, అంతకన్నా తక్కువకీ వస్తాయి. నా చీటీలో ఫోలిక్ యాసిడ్, కాల్షియం, గ్యాస్ మాత్ర అక్కడికి మారాయి. అయితే డాక్టరుకు చెప్పి మారండి. థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఊరికే మారకూడదు. షుగరు, బీపీకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితంగా ఇస్తారు. పరువు అడ్డం పెట్టుకోకండి.

డాక్టర్ గారిని ఇలా అడగండి: “సార్, ఈ చీటీలో తప్పనిసరిగా వేసుకోవాల్సినవి ఏవి, లేకపోయినా ఫర్వాలేనివి ఏవి?” నేను అడిగిన రోజు రెండు టానిక్కులు, ఒక పౌడరు డబ్బా కొట్టేశారు. నెలకు 700 మిగిలింది. అడగడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

ఇన్సూరెన్స్ గురించి మూడు మాటలు. జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకోకండి, క్లెయిమ్ రోజున బయటపడుతుంది. 2024లో మారిన నిబంధనల ప్రకారం ముందునుంచే ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వకుండా ఎదురుచూపించే కాలం గరిష్ఠంగా మూడేళ్లే, అంతకుముందు నాలుగుండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, డెబ్బై ఏళ్లు దాటిన ఎవరికైనా ఏడాదికి 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కరకొస్తాయి. నెల నెలా కొనే మాత్రలకు వాటిని నమ్ముకుని లెక్క వేయకండి.

5. దారిలో రాళ్లు వేయండి

రాత్రి రెండు గంటలకు మనసు గట్టి చేసుకోవడం ఎవరి తరమూ కాదు. మధ్యాహ్నం మూడు గంటలకు, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు, ఆ రాత్రి కోసం అడ్డంకులు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా పనిచేసింది ఖాతాలు విడదీసే పద్ధతి. జీతం ఉండే పెద్ద ఖాతానూ, జబ్బు డబ్బు ఖాతానూ యూపీఐ నుంచి తీసేశాను. ఇంకో బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి దాన్ని మాత్రమే యూపీఐకి కలిపాను. సోమవారం నాడు ఆ వారానికి సరిపడా డబ్బు అందులో పడుతుంది. అర్ధరాత్రి ఎంత ఆవేశం వచ్చినా, ఆ ఖాతాలో 640 రూపాయలే ఉంటే 1,850 రూపాయల చీర రాదు. పెద్ద ఖాతాలోంచి తీయాలంటే లాగిన్, పాస్‌వర్డు, ఓటీపీ. వాచిన వేళ్లతో అన్ని అక్షరాలు కొట్టేలోపు ఆవేశం సగం చల్లారుతుంది. ఈ ఒక్క విషయంలో జబ్బు నాకు సాయం చేస్తోంది!

కార్డుకు బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆపేసే మీట, పరిమితి పెట్టే చోటు ఉంటాయి. 2020 నుంచి అన్ని బ్యాంకులూ ఈ సదుపాయం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆన్‌లైన్ వాడకం ఆపేసి, అవసరమైనప్పుడు తెరుచుకోండి. షాపింగ్ యాపుల్లో దాచిపెట్టిన కార్డులు తీసేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట చూస్తే, మీరు మర్చిపోయిన నెల నెలా కోతలు రెండో మూడో దొరుకుతాయి. నాకు దొరికింది ధ్యానం నేర్పే యాపు. ఏడు నెలలుగా డబ్బు పోతోంది, ఒక్కరోజు ధ్యానం చేయలేదు.

చీరల లైవ్‌ల వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రండి. బయటికి రావడం కష్టంగా ఉంటే (నాకు ఉండింది, అక్కడ స్నేహితురాళ్లున్నారు) మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. “సింగిల్ పీస్” అన్న మాట పనిచేసేది నిమిషంలోపు తేల్చుకోవాలి అనిపించడం వల్ల.

కొనాలనిపించింది ఏదైనా ఒక చిన్న నోటు పుస్తకంలో రాయండి: తేదీ, వస్తువు, ధర, నొప్పి ఎంత. మూడు రోజులు ఆగండి. స్టెరాయిడ్ వాడే వారాల్లో పది రోజులు. నా పుస్తకంలో ఒక పేజీ: “14, రాత్రి 1.20, గచ్చకాయ రంగు వెంకటగిరి, 2,150, నొప్పి 7.” దాని కిందే, “17, పొద్దున 11, నొప్పి 3, గచ్చకాయ రంగు నాకు నప్పదు.”

6. ఊరట డబ్బు పోపుల డబ్బాలో

ఊరటను పూర్తిగా కోసేయకండి. నేను ప్రయత్నించాను, నలభై రోజులు నిలబడ్డాను, నలభై ఒకటో రోజు 5,000 పెట్టాను.

ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయలు, నోట్ల రూపంలో. మా అమ్మ పోపుల డబ్బాలో డబ్బు దాచేది. నేనూ పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి తీసి, నాలుగు గిన్నెల్లో నాలుగు వారాలకి రెండువందల యాభై చొప్పున పెట్టాను. ఇది ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని డబ్బు. మల్లెపూలు, పుల్లారెడ్డి కాజూ బర్ఫీ కాస్త, పిల్లాడితో ఐస్‌క్రీమ్, ఏదైనా సరే. గిన్నె ఖాళీ అయితే ఆ వారానికి అయిపోయినట్టే.

మరి ఆ పదకొండు చీరలు? మూడు మా చెల్లికి ఇచ్చాను, రెండింటిని కుర్తీలు కుట్టించాను, మూడింటిని ముందే కుచ్చిళ్లు పెట్టి కుట్టి, హుక్కు తగిలించుకునే రెడీమేడ్ చీరలుగా మార్పించాను. కుట్టుకూలి ఒక్కోదానికి 450. ఇది ‘ఊ’ కాదు, ‘ఓ’ అని నా అభిప్రాయం. మా వారు ఒప్పుకోలేదు. మిగతా మూడూ బీరువాలోనే ఉన్నాయి, వాటి గురించి ఇంకా తేల్చుకోలేదు.

7. ఇంట్లో చెప్పడం

ఇది వాయిదా వేస్తూ పోయాను. జబ్బు వల్ల ఇంటికి భారమయ్యానన్న బాధ ఒకటి, పైగా దుబారా కూడానా అంటారేమోనన్న భయం ఇంకొకటి. చివరికి ఆదివారం మధ్యాహ్నం అక్షరాలు వేసిన కాగితాలు ఆయన ముందు పెట్టాను.

“ఏమండీ, ఇవి చూడండి. తిట్టేది ఉంటే చివర్లో తిట్టండి.”

ఆయన చాలాసేపు చదివారు. “ఇదేంటి, ‘ఓ’ ఇంత తక్కువుంది? నువ్వు నడిచి వెళ్లిన రోజులు ఎన్ని?” అన్నారు. నేను ఆ ప్రశ్నకు సిద్ధంగా లేను.

చెప్పేటప్పుడు క్షమాపణతో మొదలెట్టకండి, కాగితంతో మొదలెట్టండి. అంకె ముందు పెడితే మాట అంకె మీదే ఉంటుంది. అడగాల్సింది కూడా నిర్దిష్టంగా అడగండి. “నాకు తోడుండండి” అంటే ఎవరికీ ఏం చేయాలో తెలీదు. “స్టెరాయిడ్ వాడే వారాల్లో రాత్రి పదిన్నరకి నా ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టండి” అంటే చేస్తారు. అత్తగారు, వదినలు, నూనెల సలహాలు చెప్పే పిన్నుల కోసం నేను ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను: “మా డాక్టర్ గారిని అడిగి చెబుతాను పిన్నీ.” దాంతో ఆ మాట అక్కడికి ఆగుతుంది, పిన్ని మనసూ నొచ్చుకోదు.

8. ఇప్పటికే కార్డు బాకీ ఉంటే

మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతూ పోవడం బాకీ తీర్చడం కాదు. అది సాధారణంగా బాకీలో 5 శాతం చుట్టూ ఉంటుంది, వడ్డీ నెలకు మూడు శాతం పైనే పడుతుంది. ఏడాదికి 40 శాతం దగ్గర. కార్డును వెంటనే పక్కన పెట్టి, బ్యాంకుకు ఫోన్ చేసి మిగిలిన బాకీని నెలవారీ కిస్తీలుగా మార్చమని అడగండి, ఆ వడ్డీ తక్కువ ఉంటుంది. బీరువాలో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి కార్డు బాకీ తీర్చేయడం కూడా లెక్క ప్రకారం లాభమే. కార్డు మళ్లీ వాడనని నమ్మకం ఉంటేనే చేయండి, లేకపోతే రెండు అప్పులవుతాయి. ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాపుల జోలికి ఆసుపత్రి అవసరానికి కూడా వెళ్లకండి.

9. తిరగబెట్టిన నెలకి ఒక చీటీ

ఈ పద్ధతులన్నీ ఒళ్లు బాగున్నప్పుడు నడుస్తాయి. తిరగబెట్టిన రోజు నోటు పుస్తకం తెరవడానికి కూడా చేయి రాదు. అందుకని బాగున్న రోజే ఒక చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. నా చీటీలో ఉన్నవి: తిరగబెట్టిన మొదటి రోజే పొదుపు ఖాతాలోంచి 5,000 చిన్న ఖాతాలోకి. పనిమనిషికి పూట ఎక్కువ రమ్మని ఫోన్. రాత్రికి కర్రీ పాయింట్, ఎవరూ అడగొద్దు. పని ఇచ్చే కంపెనీలకు ఆలస్యమవుతుందని మెసేజ్, ముందే టైపు చేసి దాచినది. కార్డు ఆన్‌లైన్ వాడకం ఆపు. ఫోన్ హాల్లో. ఈ నెల లెక్కలు రాయక్కర్లేదు, స్టేట్‌మెంట్ ఉంటుంది, తర్వాత చూసుకోవచ్చు.

ఆ చీటీ పెట్టాక ఒకసారి తిరగబెట్టింది, పోయిన కార్తీక మాసంలో, పదహారు రోజులు. ఫోన్ హాల్లో పెట్టడం రెండు రాత్రులు మర్చిపోయారు. ఒక రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రి 890 రూపాయల దిండు కవర్ల సెట్టు వచ్చింది. స్టేట్‌మెంట్‌లో దాని పక్కన ‘ఊ, 1.45, నొప్పి 8’ అని రాశాను. కవర్లు మాత్రం బాగున్నాయి, వాడుతున్నాం.